పెంచలయ్య గ్లౌజులు ఇంకా ఉన్నాయా?

వాంగ్డూ, భూటాన్
27 అక్టోబర్ 2024, ఆదివారం రాత్రి

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం జూన్‌లో అందింది. ఇప్పుడు అక్టోబర్ చివర. ఇది ఒక్క క్షమాపణతో తీరే ఆలస్యం కాదని తెలుసు. రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి కొండచరియలు పడి రోడ్డు మూసుకుపోయిన వారంలో, ఇంకోసారి అమ్మకు జ్వరమని ఫోను వచ్చిన రోజున. రెండూ సగంలోనే ఆగిపోయాయి. ఈసారి ఆపను. నిన్నటి నుంచి ఒక విషయం గొంతులో అడ్డం పడి ఉంది, నీకు చెబితే తప్ప దిగదు. ఫోనులో చెప్పలేను. నువ్వు మధ్యలో ఏదో అడుగుతావు, నేను అసలు మాట మింగేస్తాను. కాగితమే నయం. మా సర్వేయరు దీపావళికి ఇంటికి వెళ్తున్నాడు. తెల్లవారుజామున అతన్ని పారో విమానాశ్రయానికి తీసుకెళ్లడానికి జీపు వస్తుంది. ఈ ఉత్తరం అతని చేతికిస్తే నెల్లూరులో పోస్టు చేస్తానన్నాడు.

మామూలు కబుర్లు ముందే ముగించేస్తాను. అమ్మకు తగ్గింది. పెద్దవాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. నా మోకాలు చలికి పట్టేస్తోంది. తిండికి లోటు లేదు, ఇక్కడ మిరపకాయలనే కూరగాయగా వండుతారు, చీజ్‌లో ఉడికించి ఎర్ర బియ్యం అన్నంతో తింటారు. మీ అత్తయ్య వస్తే ఈ దేశం వదిలి కదలదు. అంతే.

ఇక అసలు సంగతి. నిన్న నేను థింఫూలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాను. చాంగ్‌లిమిథాంగ్ స్టేడియంలో. మన కోల్‌కతా జట్టు ఈస్ట్ బెంగాల్, ఇక్కడి పారో జట్టు ఆడాయి. ఆసియా సమాఖ్య ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన ఛాలెంజ్ లీగ్‌లో ఒక గ్రూపు పోటీలన్నీ థింఫూలోనే. ఈ రెండు జట్లతో పాటు బంగ్లాదేశ్ నుంచి బసుంధరా కింగ్స్, లెబనాన్ నుంచి నెజ్మే కూడా వచ్చాయి. ఎనిమిది లక్షలమంది కూడా లేని దేశం ఇన్ని జట్లను తన ఇంటికి పిలిచి ఆతిథ్యం ఇస్తోందంటే నాకు మొదట ఆశ్చర్యమే వేసింది.

నన్ను తీసుకెళ్లింది మా స్టోర్స్ చూసే ఆయన. ఇక్కడి మనిషే. నడక, గొంతు సవరించుకునే తీరు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం, అంతా అచ్చం మన హెడ్మాస్టరుగారే. గొడుగు ఒక్కటే తక్కువ! అందుకని మనసులో ఆయన్ని హెడ్మాస్టరు అనే పిలుచుకుంటాను, నీకూ అలాగే రాస్తాను. ఇక్కడివాళ్లు మర్యాదకు మాట చివర 'లా' చేరుస్తారు, మన 'అండీ' లాగా. నాకు వచ్చిన జోంఖా అంతా ఆ ఒక్క అక్షరమే. మిగతాదంతా హిందీతో నెట్టుకొస్తున్నాం.

నిన్న ఉదయం బయలుదేరి దోచులా కనుమ ఎక్కాం. మూడు వేల మీటర్లకు పైన ఉంటుంది. అక్కడ 108 చిన్న స్తూపాలు వరుసలు తీరి ఉంటాయి. మంచుకొండలు కనిపిస్తాయన్నారు కానీ మబ్బు పట్టింది. టీ తాగుతూ హెడ్మాస్టరు అడిగాడు, "మీ ఊళ్లో ఫుట్‌బాల్ ఆడతారా?" అని. నేను మన హైదరాబాద్ రహీం సాహెబ్ సంగతి చెప్పాను. ఆయన శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిందని, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిందని గొప్పగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అది మీ దేశం జట్టు కదా, మీరు ఏ జట్టుకు ఆడారు?" అన్నాడు.

రాఘవా, ఏం చెప్పను? బిట్రగుంట రైల్వే గ్రౌండ్, మస్తాను కుడివైపు పరుగు, నీ పద్నాలుగో నంబరు చొక్కా, పెంచలయ్య గ్లౌజులు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. "ఆడాను, తర్వాత మానేశాం" అన్నాను. "ఎందుకు?" అన్నాడు. "ఒక మ్యాచ్‌లో 11-0తో ఓడిపోయాం" అన్నాను.

ఆయన నవ్వలేదు. కప్పు కింద పెట్టి, "మేము ఇరవై" అన్నాడు.

ఇక అక్కడి నుంచి థింఫూ దాకా దిగేంతసేపూ ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. 2000 ఫిబ్రవరి 14న ఆసియా కప్ అర్హత పోటీల్లో కువైట్ చేతిలో భూటాన్ 20-0తో ఓడింది. ఒక్క ఆటగాడే ఎనిమిది గోల్స్ వేశాడు. అప్పటికి అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అంత పెద్ద ఓటమి ఎవరికీ లేదు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా మొదట టోంగాను 22-0తో, రెండు రోజులకే అమెరికన్ సమోవాను 31-0తో ఓడించేదాకా ఆ భారం భూటాన్ మీదే ఉంది. వీళ్ల ఫుట్‌బాల్ సమాఖ్య 1983లో పుట్టింది, ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాలో సభ్యత్వం దొరికింది మాత్రం అదే 2000లో. అంటే ప్రపంచం గడప తొక్కిన ఏడాదే ప్రపంచ రికార్డు ఓటమి! ఆ గోల్‌కీపరు ఇంటికి ఎలా వెళ్లి ఉంటాడో అని నేను అడగబోయి ఆగిపోయాను. నాకు గూడూరు నుంచి వచ్చే ప్యాసింజరు బండి కనిపించింది. కిటికీ పక్కన పెంచలయ్య, ఒళ్లో ఆ గ్లౌజులు... నీకు గుర్తుందిగా, వాడు బిట్రగుంట వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

వీళ్లకు విలువిద్య జాతీయ క్రీడ. ప్రతి ఊళ్లో బాణాలు వేసే మైదానం ఉంటుంది. ఫుట్‌బాల్ పిచ్చి పుట్టిన తీరు వేరు. 1998లో ప్రపంచ కప్ ఫైనల్‌ను ఇదే చాంగ్‌లిమిథాంగ్‌లో పెద్ద తెర మీద వేశారట. అప్పటికి దేశంలో టీవీయే లేదు! మరుసటి ఏడాది జూన్‌లో రాజుగారు టీవీకి అనుమతి ఇచ్చారు. ఆ తెర ముందు కూర్చున్న పిల్లల్లో మా హెడ్మాస్టరు కూడా ఉన్నాడు. పన్నెండేళ్లవాడు. "మాకు ఆట ముందు వచ్చింది, టీవీ తర్వాత వచ్చింది" అన్నాడు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది.

సరే, ఇరవై గోల్స్ తర్వాత సమాఖ్య ఏం చేసిందో విను. ఇదే నీకు చెప్పాలని నిన్న రాత్రంతా నిద్రపట్టలేదు.

2002లో ఫిఫా ర్యాంకుల జాబితాలో భూటాన్‌ది 202వ స్థానం. దాని కిందిది, అన్నిటికంటే ఆఖరిది, మాంట్సెర్రాట్. కరీబియన్ సముద్రంలో చిన్న దీవి. 1995లో అక్కడి అగ్నిపర్వతం బద్దలై రాజధాని ప్లిమత్ బూడిదలో కూరుకుపోయింది, జనంలో చాలామంది దీవి వదిలి వెళ్లిపోయారు. ఆ ఏడు నెదర్లాండ్స్ ప్రపంచ కప్‌కు అర్హత పొందలేదు. అక్కడి కొందరు ప్రకటనల రంగంవాళ్లకు ఆ బాధలో ఒక ఆలోచన వచ్చింది: ప్రపంచ కప్ ఫైనల్ జరిగే రోజునే జాబితాలో ఆఖరి రెండు దేశాలూ ఒక మ్యాచ్ ఆడితే ఎలా ఉంటుంది? రెండు సమాఖ్యలకూ రాశారు. రెండూ సరేనన్నాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించరా. ఇరవై గోల్స్ గాయం ఇంకా పచ్చిగా ఉంది. "మీరు ఆఖరివాళ్లు, మీకంటే వెనక ఒక్కరే ఉన్నారు, వచ్చి ఆడతారా?" అని ఎవరో దూరదేశంవాళ్లు అడిగారు. ఆ ఉత్తరం అందుకున్న సమాఖ్య కార్యదర్శి దాన్ని చించి పారేయవచ్చు. అవమానం అనుకోవచ్చు. వీళ్లు మాత్రం "మా ఇంటికి రండి" అన్నారు.

2002 జూన్ 30. అటు యొకొహామాలో బ్రెజిల్, జర్మనీ. ఇటు థింఫూలో భూటాన్, మాంట్సెర్రాట్. ఆ దీవి కుర్రాళ్లు విమానాలు మారుతూ సగం ప్రపంచం చుట్టి కోల్‌కతా మీదుగా వచ్చారు. దారిలో కొందరు జబ్బుపడ్డారు కూడా. సముద్రమట్టం నుంచి తిన్నగా రెండు వేల మూడు వందల మీటర్ల ఎత్తుకు వస్తే ఊపిరి ఎలా అందుతుంది? ఇంగ్లండ్ నుంచి స్టీవ్ బెనెట్ అనే రిఫరీ వచ్చాడు. స్టేడియం నిండిపోయింది. మా హెడ్మాస్టరు అప్పుడు పదహారేళ్లవాడు, గట్టు మీద గో కట్టుకుని కూర్చున్నాడట. గో అంటే ఇక్కడి మగవాళ్లు మోకాళ్ల దాకా కట్టుకునే దుస్తులు. కెప్టెన్ వాంగే దోర్జీ ఆట మొదలైన అయిదు నిమిషాలకే గోల్ వేశాడు. అతనివే మూడు, దినేశ్ ఛెత్రీది ఒకటి. 4-0.

"గెలిచినందుకు ఏడ్చారా?" అని అడిగాను. "గోల్ ఇచ్చుకోకుండా ఒక ఆట ముగిసినందుకు" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "వాళ్ల కోసం కూడా చప్పట్లు కొట్టాం. వాళ్లు రాకపోతే మాకు ఆ రోజు లేదు కదా" అన్నాడు.

నాకు అప్పుడే లోపల ఏదో కదిలింది. దాని సంగతి చివర్లో చెబుతాను. ఇంకా ధైర్యం రాలేదు.

థింఫూ చేరాం. స్టేడియం చూస్తే నువ్వు నమ్మవు. 1885లో ఉగ్యెన్ వాంగ్‌చుక్ ఆఖరి యుద్ధం గెలిచిన నేల అది. తర్వాత ఆయనే 1907లో భూటాన్ మొదటి రాజయ్యాడు. చుట్టూ కొండలు, బంగారు అంచుల చెక్క కప్పుతో గ్యాలరీ, పక్కనే విలువిద్య మైదానం. కింద కృత్రిమ పచ్చిక. శీతాకాలం మంచుకూ వానకాలం బురదకూ ఇక్కడ మామూలు గడ్డి నిలవదట. ఆ పచ్చిక ఫిఫా డబ్బు. ఈ లెక్క కూడా నాకు హెడ్మాస్టరే చెప్పాడు, విని నోరు తెరిచాను. ఫిఫాలో 211 సభ్య దేశాలు, ఒక్కో దేశానికి ఒక్కో ఓటు. బ్రెజిల్ ఓటూ భూటాన్ ఓటూ ఒకటే. 2023 నుంచి 2026 దాకా అభివృద్ధి పథకం కింద ఒక్కో సమాఖ్యకు 80 లక్షల డాలర్ల దాకా అందుతుంది, అందులో చిన్నా పెద్దా తేడా లేదు. మన దేశానికీ అంతే, ఈ దేశానికీ అంతే. టికెట్లు అమ్మి బతకలేని చోట లీగు నడవాలన్నా, పిల్లలకు శిక్షకుడికి జీతం ఇవ్వాలన్నా ఆ సొమ్మే ఆధారం. మనం నెలకు రెండు రూపాయల చందాతో బంతి, పంపు, సున్నం గీతలు అన్నీ వెళ్లదీశాం, గుర్తుందా? మస్తాను రెండు నెలలు బాకీ. ఇప్పటికీ ఇవ్వలేదు.

మ్యాచ్ గురించి రెండు మాటలు. నేను ఎవరివైపు ఉండాలో తేల్చుకోలేకపోయాను. ఈస్ట్ బెంగాల్ మనది, పైగా మన లీగ్‌లో వరసగా ఓడి ఓడి వచ్చింది, గెలవాలనే ఉంది. మొదట్లోనే గోల్ వేసింది కూడా. కానీ పారో సమం చేసి, ఒక దశలో 2-1తో ముందుకు వెళ్లినప్పుడు నా చుట్టూ ఉన్న స్కూలు పిల్లలు లేచి గంతులేస్తుంటే నేను కూడా లేచి నిలబడ్డాను. చివరికి 2-2. నాకది చాలా న్యాయంగా అనిపించింది.

విరామంలో హెడ్మాస్టరు 2015 సంగతి మొదలుపెట్టాడు. అప్పటికి భూటాన్ అచ్చంగా ఆఖరు, 209వ స్థానం. ఆ ఏడాది మొట్టమొదటిసారి ప్రపంచ కప్ అర్హత పోటీల్లో పేరు ఇచ్చారు. మార్చి 12న కొలంబోలో శ్రీలంకతో ఆట. ఆటగాళ్లలో విద్యార్థులు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. కెప్టెన్ కర్మ షెద్రుప్ షెరింగ్ విమానాలు నడిపే పైలట్! నిజంగా చెబుతున్నాను, రేపు మా సర్వేయరు ఎక్కబోయే పారోలోనే. కొండల మధ్య వంకర తిరుగుతూ దిగాలి అక్కడ, ఆ విద్య వచ్చిన పైలట్లు ప్రపంచంలోనే కొద్దిమంది. 84వ నిమిషంలో షెరింగ్ దోర్జీ గోల్ వేశాడు. 1-0. అయిదు రోజులకు ఇదే చాంగ్‌లిమిథాంగ్‌లో రెండో ఆట. చెంచో గ్యెల్త్‌షెన్ అయిదో నిమిషంలో ఒకటి వేశాడు, శ్రీలంక సమం చేసింది. అలాగే ముగిసినా భూటాన్‌కు చాలు, కానీ ఆ కుర్రాడికి చాలలేదు, తొంభయ్యో నిమిషంలో ఇంకొకటి వేశాడు. చెంచో తర్వాత మన దేశంలో మినర్వా పంజాబ్‌కు, కేరళ బ్లాస్టర్స్‌కు ఆడాడు. పేపర్లో నువ్వు చూసే ఉంటావు. మరుసటి నెల జాబితాలో భూటాన్ 209 నుంచి 163కు ఎక్కింది.

ఆ తర్వాత కథ అంతా తీపి అని అనుకోకు. తర్వాతి దశలో ఎనిమిది ఆటలు ఆడి ఎనిమిదీ ఓడారు. కతార్ చేతిలో 15-0, చైనా చేతిలో 12-0. అమ్మాయిల జట్టు అంతకుముందే 2010లో మన అమ్మాయిల చేతిలో 18-0తో ఓడింది. నేను ఆ మాట వినగానే ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాను. హెడ్మాస్టరు మాత్రం కింద పచ్చిక అంచున బంతులు అందించడానికి నిలబడ్డ అమ్మాయిలను చూపించి, "ఆ సంవత్సరం పుట్టి ఉంటారు వీళ్లు" అన్నాడు. 2018లో పదిహేనేళ్లలోపు అమ్మాయిల దక్షిణాసియా పోటీలు ఈ స్టేడియంలోనే పెట్టారు. ఓడినవాళ్లు ఇల్లు తలుపు వేసుకోలేదు రాఘవా, తలుపు తెరిచి అందర్నీ పిలుస్తూనే ఉన్నారు.

ఇప్పుడు గడియారంలో మూడున్నర. నాలుగుకు జీపు. ఇంక దాటవేయలేను.

గూడూరు సంక్రాంతి టోర్నమెంటులో మనం 11-0తో ఓడింది 1996 జనవరిలో. వారం తర్వాత నేను చందాల పుస్తకం తెచ్చి, మిగిలిన నలభై మూడు రూపాయలు లెక్క చూపించి, "ఇంక మనల్ని ఎవరూ పిలవరు, జట్టు ఇక్కడితో సరి" అన్నాను. నేను సెక్రటరీని కాబట్టి నా మాట విన్నారు. నువ్వు ఒక్కడివే, "వచ్చే ఏడాది పిలుస్తారేమో చూద్దాం" అన్నావు.

పిలిచారు రా.

ఆ డిసెంబర్‌లో మా ఇంటికి పోస్టుకార్డు వచ్చింది. టోర్నమెంటు నిర్వాహకులు రాశారు. "కిందటేడు మీ జట్టు చివరిదాకా మైదానం వదలకుండా ఆడినందుకు ప్రేక్షకులు మెచ్చుకున్నారు, ఈసారి ప్రవేశ రుసుము లేకుండా రావలసింది" అని. నీలి సిరా, గుండ్రటి అక్షరాలు. నేను దాన్ని రెండుసార్లు చదివి లెక్కల పుస్తకంలో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. మళ్లీ పదకొండు తింటామన్న భయం కాదు. పెంచలయ్య మొహం మళ్లీ అలా చూడలేననుకున్నాను. వాడి తరఫున నేను నిర్ణయించేశాను. వాడు ఆ వేసవి అంతా సాయంత్రాలు రైల్వే గ్రౌండ్ గోడకు బంతి కొట్టుకుంటూ ఒక్కడే పట్టుకోవడం నేను మేడ మీద నుంచి చూశాను. అయినా చెప్పలేదు. అప్పుడూ, ఆ తర్వాత ఈ ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా.

నిన్న హెడ్మాస్టరు "వాళ్లు రాకపోతే మాకు ఆ రోజు లేదు కదా" అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కార్డే. అది ఎక్కడికీ పోలేదు, నాన్న ట్రంకు పెట్టెలో నా ఇంటర్ లెక్కల పుస్తకంలోనే ఉంటుంది. అమ్మనడిగి తీసుకో. ముందు నువ్వు చదువు. తర్వాత పెంచలయ్య దగ్గరికి తీసుకెళ్లు. వాడు ఇప్పుడు కావలిలో కూతురింట్లో ఉన్నాడని విన్నాను, అడ్రసు మస్తానుకు తెలుస్తుంది. నా తరఫున ఏమీ చెప్పకు, కార్డు చేతికివ్వు, అంతే. వాడికి కోపం వస్తే రానీ. సంక్రాంతికి నేను వస్తున్నాను, సెలవు అడిగేశాను. వాడితో ఎదురుగా కూర్చుని

జీపు వచ్చేసింది, సర్వేయరు తలుపు కొడుతున్నాడు. ఆ గ్లౌజులు ఉన్నాయేమో మాత్రం వాణ్ణి అడుగు. వెంటనే రాయి.

నీ
ప్రసాద్